ఎండ పడే చోటు

"కుళాయి కారడం లేదు," అంది పుస్తకాలమ్మ.

సింకు కింద తల దూర్చి వెల్లకిలా పడుకుని ఉన్నాడు మేస్త్రి. పానాతో ఒక చుట్టు బిగించాడు. బిగించినదాన్నే మళ్ళీ వదులు చేశాడు.

"నిన్న కారలేదు. మొన్నా కారలేదు. ఇవాళ ఆరింటి నుంచీ బాగుచేస్తున్నారు."

"వాషరు అరిగింది."

"మీరు నోరు విప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ ఇంట్లో ఏదో ఒక వాషరు అరుగుతూనే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను."

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. ఇద్దరూ అటు చెవి ఒగ్గారు. గొడుగు కొస నేలకు తగిలిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ ఏమీ లేదు.

అక్కడ కూర్చున్నది వదిన, మేస్త్రికి స్వయానా అక్క. తొమ్మిది కాకముందే తల దువ్వించుకుని, చెప్పులు వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంది. ఎదురుగా బల్ల మీద వార్డు ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితం. పదింటికి స్నేహితురాలు నర్సమ్మ వచ్చి ఆఫీసుకు తోడు తీసుకెళ్తుంది. సంతకాలకు ఇవాళే ఆఖరు రోజు.

ఎల్లుండి గురువారం, పాత సమాధుల తోటలో పడమటి గోడ పడగొట్టి మురుగుకాలువ తవ్వుతారు. ఆ గోడ పక్కనే పసిపిల్లల సమాధులు, చిన్నరాళ్ళ వరస. అయినవాళ్ళు వచ్చి సంతకం పెడితే ఆ రాయి ఉన్నచోట తవ్వి, దొరికినదాన్ని జాగ్రత్తగా మెరక మీదకు మారుస్తారు. సంతకం లేనివాటి మీద కాలువ వెళ్ళిపోతుంది.

"రాయి ఉన్నచోట తవ్వుతారండి." పుస్తకాలమ్మ వంగి, గొంతు బాగా తగ్గించింది. "మీ అక్క పక్కన నిలబడి చూస్తుంది. వాళ్ళు తీసేది ఎవరి బిడ్డనో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆవిడ కొడుకు కాలువ కింద ఉండిపోతాడు."

"ఉండిపోతాడని ఎలా చెప్తావు? సరిగ్గానే పెట్టి ఉండొచ్చుగా."

"పెట్టారా?"

పానా ఆగింది.

"తెలీదు," అన్నాడు సింకు కింది నుంచి.

ఆదివారం ఇది బయటపడిన దగ్గర్నుంచీ మొగుడి నోట ఆమె విన్నవి ఈ రెండే మాటలు. తెలీదు, వాషరు.

సమాధుల తోటను చూసుకునే జట్టును ఊళ్ళో 'ఆదివారం వాళ్ళు' అంటారు. వాళ్ళ రిజిస్టరు అట్ట ఊడిపోతే కొత్తగా కుట్టిస్తానని ఆమె ఇంటికి తెచ్చుకుంది. ప్రెస్సులో బైండింగు పని కాబట్టే జట్టులో అందరికీ ఆమె పుస్తకాలమ్మ అయింది. రిజిస్టరు మొదట్లో రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయి. తడిసి అతుక్కుంటే అంచులు ఉబ్బుతాయి. ఇవి ఉబ్బలేదు. ఎవరో జిగురు రాసి, అరచేత్తో అదిమి అతికించారు. ఇరవై ఆరేళ్ళు కాగితాలతో బతికిన మనిషికి ఆ తేడా వేలికొసకే తెలుస్తుంది. ఆవిరి పట్టి విడదీసింది.

లోపల మేస్త్రి చేతిరాత. 'చిన్నరాళ్ళ వరస. పద్నాలుగు రాళ్ళు తీశాము. మూడింటికి చోటు తెలుసు. పదకొండింటికి గుర్తులు పోయాయి. తోచినట్టు పెట్టాము.'

పదకొండేళ్ళ కిందటి మాట అది. ఆదివారం వాళ్ళు అప్పుడప్పుడే కూడారు. పుస్తకాలమ్మ అప్పటికి జట్టులో లేదు. నూటయాభై ఏళ్ళనాటి తోట నడుం లోతు ముళ్ళకంపలో ఉండేది. గోడవార కంప కొట్టడానికి అడ్డంగా ఉన్నాయని పద్నాలుగు చిన్నరాళ్ళూ పెకలించారు. చోట్లకు వరసగా మేకులు కొట్టి నంబర్లు వేశారు. అవే నంబర్లు రాళ్ళ వీపు మీద సుద్దతో రాశారు. రాతికి రంగు తగలకూడదు, ఉలి తగలకూడదు అన్నది వాళ్ళు పెట్టుకున్న మొదటి నియమం. అందుకే సుద్ద. వానొస్తే అక్షరాలు పాడవుతాయేమోనని రాళ్ళ ముఖాలు షెడ్డు గోడవైపు తిప్పి ఆనించి ఇళ్ళకు వెళ్ళారు.

తెల్లవారేలోగా ఎవరూ అనుకోనంత వాన కురిసింది. పొద్దున వెళ్ళి చూస్తే అక్షరాలు చెక్కుచెదరలేదు. వీపులు మాత్రం కడిగిన పలకల్లా ఉన్నాయి.

"అప్పుడే చెప్పి ఉంటే పోయేది," అంది ఆమె.

"పోస్టుమాస్టరు గారు వద్దన్నారు." జట్టుకు పెద్ద ఆయనే, రెండేళ్ళ కిందట పోయారు. "చెప్తే తోట తాళాలు లాగేసుకుంటారు, మళ్ళీ కంప మొలుస్తుంది, అప్పుడు పద్నాలుగు కాదు నాలుగు వందల రాళ్ళు పోతాయి అన్నారు. కాగితాలు అతికించిందీ ఆయనే."

"ఆయన మంచి చోట పడుకున్నారు. జవాబు చెప్పాల్సింది మీరు."

"ఒరేయ్," ముందుగదిలోంచి వదిన గొంతు. "ఆ కుళాయి ఊరు దాటిపోదు గానీ ఇటు రా. ఈ కాగితంలో ఏదో నంబరు రాయమన్నారు."

మేస్త్రి బయటికి వచ్చాడు. చొక్కా వీపంతా తడి. పెళ్ళాం ముఖంలోకి చూడకుండా పానా తుడిచి, సంచిలో పెట్టి, సంచి మూతి కట్టి, ఆ ముడి మళ్ళీ విప్పాడు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

అతను చేతులు తుడుచుకుంటూ ముందుకు నడిచాడు. ఆమె రిజిస్టరు తీసుకుని వెనకే వెళ్ళింది.

కిటికీ బయట సన్నగా వాన పడుతోంది. వీధి చివర కాలువ తవ్వే యంత్రం గర్రుమని మొదలై, దగ్గి, ఆగిపోతోంది. పొద్దుట్నుంచీ అదే వరస.

"ఇదిగో, ఇక్కడ," వదిన కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "సమాధి సంఖ్య అట. నా రాత వాళ్ళకు అర్థం కాదు, నువ్వు రాయి. మనది పదమూడే కదూ?"

"పదమూడే."

"మరి రాయి."

మేస్త్రి కలం తీసుకుని ఒకటి వేశాడు. దాని పక్కన కలం నిలబడిపోయింది. జుట్టులోంచి ఒక నీటిచుక్క జారి కాగితం మీద పడింది. వదిన చీర కొంగుతో దాన్ని అద్దింది.

"మూడు వేయడం మర్చిపోయావా?"

"అక్కా."

"ఊఁ."

"రాయి మనదే అక్కా. చోటు... చోటు మనది కాకపోవచ్చు."

వదిన కాసేపు అర్థం కానట్టే చూసింది. తర్వాత గొడుగును ఒళ్ళోంచి తీసి నేల మీద అడ్డంగా పెట్టింది. చెప్పులు విప్పింది. రెండూ జతగా కుర్చీ కిందకు తోసింది.

"మొదట్నుంచీ చెప్పు. మధ్యలో ఆగకు."

అతను చెప్పాడు. కంప, మేకులు, సుద్ద, వాన. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత చిన్న మాటను పదకొండేళ్ళు మోశాడా అనిపించింది పుస్తకాలమ్మకు.

"రాళ్ళను గోడవైపు తిప్పిందెవరు?" అని అడిగింది వదిన.

"నేనే. అక్షరాలు పాడవుతాయని."

"జాగ్రత్తగానే చేశావు."

తిట్టి ఉంటే నయమనిపించేలా అంది ఆ మాట. మేస్త్రి తల వంచుకున్నాడు.

"నేను ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఆయన పోయాక వచ్చాను. వచ్చిన మర్నాడే నన్ను తోటకు తీసుకెళ్ళావు. ఇదేనక్కా అని రాయి చూపించావు. నేనప్పుడు ఏమన్నాను?"

"నీడగా ఉందేమిట్రా అన్నావు."

"నువ్వేమన్నావు?"

అతను చేతిలోని కలాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నీ నోటితోనే చెప్పు. నాకు గుర్తుంది, నీకుందో లేదో చూడాలి."

"చెట్టు పెరిగిందక్కా అన్నాను."

"చెట్టు పెరిగిందన్నావు. నిజమే కదా, చెట్లు పెరుగుతాయి కదా అనుకున్నాను." వదిన మోకాళ్ళ మీద చీర సర్దుకుంది. "ఆ చెట్టు కిందే ఎందుకు పెట్టావు వాణ్ణి?"

"ఎక్కడా గుర్తు దొరకలేదు. ఉన్న చోట్లలోకెల్లా మంచిదదే అనిపించింది. పైన పూలు రాలతాయి. ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. నా మేనల్లుడు కదా అని ముందు వాడికే ఏరాను."

"చల్లగా," అంది వదిన.

వీధి చివర యంత్రం మళ్ళీ దగ్గింది.

"వాడికి చలిరా. మంచి చలికాలంలో పుట్టాడు. పందొమ్మిది రోజులూ నా పొట్ట మీదే పడుకోబెట్టుకున్నాను. ఎన్ని కప్పినా కాళ్ళు వెచ్చబడేవి కావు. తీసుకెళ్ళే రోజు నేను మంచం మీంచి లేవలేకపోయాను. మీ బావతో ఒకే ఒక మాట చెప్పాను, ఎండ పడే చోట పెట్టించమని. రోజంతా ఎక్కడ ఎక్కువసేపు ఎండ ఉంటే అక్కడ. ఆయన వచ్చి, పెట్టించానన్నాడు. నేను లేచి తిరిగేలోగా బదిలీ అయింది, ఊరు విడిచి వెళ్ళాం. చూడనేలేదు."

ఆ రాయి మీద పేరు లేదు. 'మా బాబు. పందొమ్మిది రోజులు' అని మాత్రం ఉంది. ప్రతి ఆదివారం వదిన దాని పక్కన చాప వేసుకుని కూర్చునేది. తక్కినవాళ్ళు కలుపు తీస్తుంటే, వారమంతా ఇంట్లో జరిగినవన్నీ ఆ రాయికి చెప్పేది. మేస్త్రి ఏ పైపు పగలగొట్టాడో, మరదలు ఎన్నిసార్లు అలిగిందో. పక్కన నర్సమ్మ కూర్చుని, కలుపు తీసినట్టే నటిస్తూ అంతా వినేది.

"తొమ్మిదేళ్ళు ఎవరి బిడ్డకురా నేను కబుర్లు చెప్పింది?"

మేస్త్రి కలాన్ని కాగితం పక్కన పెట్టాడు.

వదిన ముఖం పుస్తకాలమ్మ వైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం, వదినా."

"ఇవాళ మంగళవారం."

"అవును."

"రెండు రోజులు నాకు వడ్డించావు. పొద్దున జడ కూడా వేశావు. రెండుసార్లు విప్పి మళ్ళీ అల్లితే సరిగ్గా కుదరలేదేమో అనుకున్నాను."

"ఆయన నోటితో చెబితే బాగుంటుందని..."

"వాడు చెప్పేవాడైతే ఆ చెట్టు కిందే చెప్పేవాడమ్మా. నువ్వు తెలివిగలదానివి. నీకా సంగతి తెలీదా?"

తెలుసు. తెలిసే ఆగింది. ఇంటి మీద పడే పిడుగు మొగుడి చేతుల మీదుగానే పడితే తన చేతులు శుభ్రంగా ఉంటాయని ఆగింది. ఆ మాట పైకి అనలేక రిజిస్టరు అంచు గోటితో గీరింది.

"అక్కా, పదమూడు అనే రాసేద్దాం," అన్నాడు మేస్త్రి. "అక్కడున్నదీ ఒక పసిగుడ్డే కదా. కాలువలో పడకుండా ఒకణ్ణయినా..."

"ఎవరో ఒక బిడ్డ అయితే సరిపోతుందా? అయితే నువ్వూ ఎవరో ఒక అక్కను తెచ్చుకుని ఈ కుర్చీలో కూర్చోబెట్టుకో."

ఆమె లేచి కిటికీ దాకా వెళ్ళింది. తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఒట్టి కాళ్ళతో నడుస్తుంటే చప్పుడే లేదు. ఆ చప్పుడు లేకపోవడమే పుస్తకాలమ్మకు భరించరానిదిగా ఉంది. గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

"గుర్తులు పోయాయంటున్నావు. ఎండ పోలేదు కదరా," అంది వదిన కిటికీ దగ్గర్నుంచి. "ఎండ అప్పుడెక్కడ పడేదో ఇప్పుడూ అక్కడే పడుతుంది."

"ఈ వానలో ఎక్కడ చూస్తామక్కా? ఎల్లుండికల్లా తవ్వేస్తారు. పైగా నువ్వు చెప్పేది చలికాలపు ఎండ. దానికింకా మూడు నెలలుంది."

"చూడక్కర్లేదు," అంది పుస్తకాలమ్మ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. అప్పటికే ఆమె రిజిస్టరు బల్ల మీద పెట్టి కాగితాలు తిప్పుతోంది. కుట్టు విప్పి ఉండడం వల్ల అవి ఒక్కొక్కటీ వేరుగా చేతికొస్తున్నాయి.

ఆదివారం వాళ్ళ పని కాలాన్ని బట్టి నడుస్తుంది. వానలు మొదలైతే నీళ్ళు నిలవకుండా బోదెలు తీస్తారు, కుంగిన రాళ్ళ పక్కన మట్టి వేస్తారు. వానలు వెనకబడితే కలుపు. గడ్డి పూత మీద ఉంటే విత్తనం రాలేదాకా కొడవలి ముట్టరు. ఎండలు ముదిరి నేల గట్టిపడ్డాకే పడిపోయిన రాళ్ళను పలకల మీద దొర్లించి నిలబెడతారు. రాళ్ళను కడిగేది చలికాలంలోనే. అప్పుడే నాచు మెత్తగా వదులుతుంది. ఒట్టి నీళ్ళు, మెత్తటి కుంచె. ఒక్కటే షరతు. తడి రాయి సాయంత్రం మంచు పడేలోగా ఆరాలి, లేకపోతే పొర లేచిపోతుంది. అందుకని ఎండ ముందు ఎక్కడ పడుతుందో అక్కడ మొదలుపెట్టి, ఎండ వెంట నడుస్తూ కడుగుతారు. కడిగినవాళ్ళు ఆ చోటు నంబరు, ఆరిన వేళ రాసి సంతకం చేస్తారు.

"పదకొండు చలికాలాలు," అంది ఆమె. "ప్రతి ఆదివారమూ రాశాం. రాళ్ళు మారినా చోట్లు మారలేదుగా. చిన్నరాళ్ళ వరసలో ముందు ఏది కడిగామో చూద్దాం."

వదిన వచ్చి పక్కన నిలబడింది. మేస్త్రి కళ్ళజోడు కోసం జేబులు తడుముకుని, నెత్తి మీద ఉందని గుర్తొచ్చి, దించుకున్నాడు.

మొదటి చలికాలం. ఏడు, ఎనిమిది, ఆరు. ఆఖరున పదమూడు, 'ఆరలేదు, గుడ్డతో అద్దాము'.

రెండోది. ఏడు, ఆరు, ఎనిమిది.

మూడోది. ఏడు.

నాలుగో చలికాలం కాగితం తిప్పేసరికి ఆమె చదవడం మానేసి వేలితో చూపించడం మొదలుపెట్టింది. పోస్టుమాస్టరు గారి గుండ్రటి అక్షరాలు, మేస్త్రి ఏటవాలు రాత, తన సొంత రాత. ఎవరు రాసినా ముందున్నది ఏడే. ఒకచోట పోస్టుమాస్టరు గారు అంచున రాసుకున్నారు: 'ఏడుకు గేటులోంచి తొలి ఎండ. పొద్దు వాలేదాకా వదలదు.'

"ఏడు," అంది వదిన. ఆ అంకె మీద వేలు ఆనించింది. పసివాడి బుగ్గ మీద ఆనించినట్టు, బరువు పడకుండా.

ఆ గదిలో చాలా రోజుల తర్వాత ఎవరో కిటికీ తెరిచినట్టయింది. ఒక్క క్షణమే.

ఏడో చోట ఇప్పుడున్న రాయి ఎవరిదో ముగ్గురికీ తెలుసు.

'మా తొలి పాప' అని చెక్కి ఉంటుంది దాని మీద. నర్సమ్మకు తాను పుట్టకముందే పోయిన అక్క. అలాంటి అక్క ఒకతె ఉందని వాళ్ళమ్మ ఆఖరి రోజుల్లో చెబితే, ఏడేళ్ళ కిందట వెతుక్కుంటూ తోటకు వచ్చింది. రాయి దొరికిన రోజే జట్టులో చేరింది. అప్పట్నుంచీ ఆమె హాస్యం ఒకటే. 'మీవాడు చెట్టు కింద దొరబాబు, మా అక్క గేటుకెదురుగా ఎండలో కాపలా. పెట్టిపుట్టాలి లెండి' అనేది. వదిన నవ్వి, 'మా నీడలోకి రమ్మను, కాదంటామా' అనేది. ప్రతి ఆదివారం అదే మాట, అదే నవ్వు.

నర్సమ్మ నిన్ననే ఏడు నంబరుకు సంతకం పెట్టి వచ్చింది.

ముందుగా తేరుకున్నది మేస్త్రి.

"అక్కా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఏడు మెరక మీదకు వెళ్తుంది. సంతకం అయిపోయింది. అంటే మనవాడు కాలువలో పడడు. ఎవరి సంతకం మీద వెళ్తే ఏం? రేపట్నుంచి నువ్వు ఆ రాయి పక్కన కూర్చో. నర్సమ్మతో కలిసే కూర్చుంటావు కదా ఎప్పుడూ. మనం పదమూడు కూడా తీయిద్దాం. ఎవరికీ ఏమీ తెలియాల్సిన పనిలేదు."

"మరి నర్సమ్మ అక్క?" అంది పుస్తకాలమ్మ.

"ఎక్కడుందో దేవుడికే తెలియాలి."

"తెలియకపోతే వెతకాలి. పదకొండు చోట్లున్నాయి. ఇవాళ సాయంత్రం దాకా టైముంది. పదకొండూ తీయమని కాలువ పని చూసే ఓవర్సీరును అడగొచ్చు."

"ఏమని అడుగుతావు? మేం తప్పు చోట పెట్టామనా? ఒక్క రాయి తప్పంటే నాలుగు వందల రాళ్ళూ తప్పేనంటారు. ఆ రిజిస్టరు చూపించే కదా తోట మొత్తం పోకుండా ఇన్నాళ్ళూ అడ్డుపడింది. అది అబద్ధమైతే గోడ దగ్గర ఆగరు వాళ్ళు. నడిమధ్య నుంచి తవ్వుతారు."

 అతని మాటలో నిజముంది. అందుకే పుస్తకాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. తప్పు మాట చెప్పినా అందులో కొంత నిజం కలిపి చెప్పడం మగాళ్ళందరికీ వచ్చో, తన మొగుడికే వచ్చో ఆమెకు ఎన్నడూ తేలలేదు.

"నువ్వేమంటావక్కా?"

వదిన వేలు ఏడు మీంచి కదల్లేదు.

వాడు అక్కడే ఉన్నాడు. నలభై రెండేళ్ళు, రోజంతా ఎండలోనే. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఎల్లుండి వాణ్ణి ఎవరూ కాలువలో తొక్కరు. తాను నోరు మూసుకుంటే చాలు. ఇవన్నీ ఆమె ముఖంలో ఒకదాని వెనక ఒకటి నడిచిపోవడం పుస్తకాలమ్మ చూసింది. సరే అనేస్తుందేమో అనుకుంది. సరే అనేయాలని తనకూ ఒక మూల ఉందని తెలిసి ఉలిక్కిపడింది.

"అంటే," అంది వదిన మెల్లగా, "రాయిని మళ్ళీ గోడవైపు తిప్పమంటావు."

మేస్త్రి ఏదో అనబోయాడు. తలుపు మీద గొడుగు పిడితో రెండు దెబ్బలు పడ్డాయి. ఆ ఇంటి తలుపు అలా కొట్టేది ఒక్కరే.

"చచ్చాం," అన్నాడు గొంతులోనే.

నర్సమ్మ లోపలికి వస్తూనే గొడుగు దులిపింది. నీళ్ళు సగం మేస్త్రి మీద పడ్డాయి.

"మేస్త్రిగారు ఇంతకుముందే తడిసినట్టున్నారు, ఫర్వాలేదు. అక్కయ్యా, ఇంకా చెప్పులు కూడా వేసుకోలేదా? నేను నిన్ననే ఇచ్చేశాను. ఓవర్సీరు ఏమన్నాడో తెలుసా? మెరక మీద రాళ్ళను పక్కపక్కనే పెట్టిస్తాడట. మీవాడూ, మా అక్కా. ఇక మా అక్క మీద కూడా కాస్త నీడ పడుతుంది. పదండి, పదండి, లైను పెరుగుతుంది."

ఎవరూ కదల్లేదు. ఆమె కాగితం వైపు చూసింది. అందులో ఒకటి అంకె ఒంటరిగా ఉంది, పక్కన నీటి మరక.

"ఏంటి, ఇంకా రాయనే లేదు?"

"కూర్చో," అంది వదిన.

"కూర్చుంటే ఆఫీసు మూసేస్తారు."

"కూర్చోవే. ఒకటి అడగాలి."

వదిన ఆమెతో అలా 'వే' చేర్చి మాట్లాడడం అదే మొదటిసారి. నర్సమ్మ కూర్చుంది. ముఖంలో నవ్వు ఇంకా పోలేదు, కానీ ఆ నవ్వు నిలవడానికి చోటు లేనట్టుంది.

"మీ అమ్మ ఆఖర్న పాప గురించి నీకేం చెప్పింది?"

"వందసార్లు చెప్పాను కదక్కయ్యా."

"నూటొకటోసారి చెప్పు. ఎక్కడ పెట్టించామంది? ఎండలోనా, నీడలోనా?"

పుస్తకాలమ్మ నర్సమ్మ నోటివైపే చూసింది. నీడ అని చెప్పాలి. చెట్టు కింద అని చెప్పాలి. అలా చెబితే అంతా సర్దుకుంటుంది. రెండు రాళ్ళూ అటూ ఇటూ అయ్యాయంతే అని చెప్పొచ్చు. ఇద్దరూ ఏడ్చి, ఇద్దరూ నవ్వి, గొడుగులు పట్టుకుని కలిసి ఆఫీసుకు వెళ్ళొచ్చు. మేస్త్రి కూడా అదే అనుకుంటున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి.

"ఎండలోనే," అంది నర్సమ్మ. ఆలోచించుకోవాల్సిన మాటే కాదన్నట్టు. "వానాకాలపు పిల్ల కదా. ఉన్న నెలరోజులూ పొడిబట్ట కప్పిన రోజు లేదని అనేది అమ్మ. అందుకే గేటుకెదురుగా, పొద్దుగూకులూ ఎండ పడే చోటు అడిగి మరీ పెట్టించుకుందట. నేను తోటకు వచ్చిన మొదటిరోజు ఆ రాయి మీద ఎండ చూసే కదా, అమ్మ మాట నిజమని ఏడ్చింది. మీరే కదా అప్పుడు నాకు నీళ్ళ సీసా ఇచ్చారు."

ఆమె వదినను చూసింది, మేస్త్రిని చూసింది. చివరికి పుస్తకాలమ్మ చేతిలో విడివిడిగా ఉన్న కాగితాలను చూసింది.

"ఇవన్నీ ఎందుకు విప్పారు? ఏమైంది?"

వంటింట్లో, పొద్దుట్నుంచీ బాగుచేసిన కుళాయి కారడం మొదలైంది. ఒక్కో చుక్క సింకులో పడుతూ లెక్క పెడుతున్నట్టు వినిపిస్తోంది. మేస్త్రి లేవలేదు.

వదిన రిజిస్టరును బల్ల మీద మెల్లగా నర్సమ్మ వైపు తిప్పింది. తిప్పినంతసేపూ ఏడు మీంచి వేలు మాత్రం తీయలేదు.